ప్రయాణ నిబంధనలు: మన చేతిలోని అమానత్

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకుల పైనా, సహచరుల పైనా శాంతి శుభాలు వర్షించుగాక.

రమజాను మాసం మనల్ని వీడి వెళ్లినది. ఇది షవ్వాల్. హజ్ మాసాలు మొదలైనాయి. మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ఇళ్లలో ఇహ్రాం వస్త్రాల మాట వినబడుతున్నది. ఎంపికైనవారి ఇళ్లలో సంతోషం ఉన్నది, కానివారి ఇళ్లలో మౌనం ఉన్నది. ఈ రెండు ఇళ్లనూ, ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు బయలుదేరుతున్న మన యువకుల ఇళ్లనూ దృష్టిలో ఉంచుకుని, ప్రయాణానికి విధించిన ఆరోగ్య నిబంధనల విషయంలో విశ్వాసి నడవడి ఎలా ఉండాలో ఈ శుక్రవారం ఆలోచిద్దాము.

మొదట జరిగినది గుర్తు చేసుకుందాము. 2020 ఫిబ్రవరి 27న సౌదీ ప్రభుత్వం విదేశీ యాత్రికులకు ఉమ్రా ప్రయాణాన్ని నిలిపివేసినది. జూన్ 22న, ఆ సంవత్సరం హజ్ అక్కడ నివసిస్తున్న కొద్దిమందితోనే జరుగుతుందని ప్రకటించినది. మరునాడే మన కేంద్ర ప్రభుత్వం భారతదేశం నుండి యాత్రికులను పంపడం లేదని తెలిపి, దరఖాస్తు చేసిన 2 లక్షల 13 వేల మందికి కోతలేవీ లేకుండా సొమ్ము తిరిగి ఇస్తామని చెప్పినది. 2021లోనూ సౌదీలో నివసించే 60 వేల మందికే అవకాశం దక్కినది. 2022లో పది లక్షల మందికి అనుమతి వచ్చినది. అందులో మన దేశానికి 79,237 స్థానాలు దక్కినాయి. ఆ సంవత్సరం పెట్టిన షరతులు మూడు: వయస్సు 65 సంవత్సరాలకు లోపు ఉండాలి, కోవిడ్ టీకాలు పూర్తిగా వేయించుకుని ఉండాలి, ప్రయాణానికి ముందు 72 గంటల లోపు చేయించిన పీసీఆర్ పరీక్షలో వ్యాధి లేదని తేలాలి.

ఉపాధి కోసం వెళ్లేవారి కష్టం వేరు. 2021 ఫిబ్రవరిలో సౌదీ అరేబియా భారతదేశంతో సహా ఇరవై దేశాల నుండి ప్రవేశాన్ని నిలిపివేసినది. సెలవుపై ఇంటికి వచ్చిన కార్మికులు ఇక్కడే చిక్కుకుపోయినారు. మరొక దేశంలో పద్నాలుగు రోజులు గడిపి వెళ్లవలసి రావడంతో అప్పులు చేసి మాల్దీవుల మీదుగా, నేపాల్ మీదుగా వెళ్లినవారు ఉన్నారు. ఆ ఏడాది డిసెంబరు 1 నుండి గానీ నేరుగా వెళ్లే అవకాశం తిరిగి రాలేదు. కోవాగ్జిన్ వేయించుకున్నవారికి మరొక చిక్కు. మన హైదరాబాదులోనే తయారైన ఆ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ గుర్తింపు 2021 నవంబరు 3న వచ్చినది. అంతవరకు రెండు మోతాదులూ పూర్తయినా, అనేక దేశాల దృష్టిలో వారు టీకా వేయించుకోనివారే.

సోదరులారా! ఇన్ని తలుపులు మూసుకున్నప్పుడు కొందరి నోట ఒక మాట వినబడినది. అల్లాహ్ ఇంటికి వెళ్లేవాడిని ఆపడానికి ప్రభుత్వాలెవరు? మరణం రాసి ఉంటే ఎక్కడున్నా వస్తుంది కదా, ఈ పరీక్షలెందుకు? ఈ మాట భక్తిలాగా కనిపిస్తుంది. కానీ ఇది ధర్మం నేర్పిన మాట కాదు.

హిజ్రీ 18వ సంవత్సరం ప్రాంతంలో జరిగిన సంఘటన చూడండి. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. అక్కడ సేనాధిపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఎదురువచ్చి, షామ్‌లో మహమ్మారి వ్యాపించినదని తెలిపినారు. ఉమర్ (రజి) ముందుగా ముహాజిర్లను, ఆ తరువాత అన్సార్లను, ఆపై ఖురైషు పెద్దలను పిలిచి సలహా అడిగి, వెనుదిరగాలని నిర్ణయించినారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగినారు. ఒక విధివ్రాత నుండి మరొక విధివ్రాత వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చినారు. ఒంటెల కాపరి ఎండిన కొండవాలులో మేపినా, పచ్చని వాలులో మేపినా రెండూ అల్లాహ్ నిర్ణయం ప్రకారమే కదా అని వివరించినారు. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, మహమ్మారి ఉన్న చోటికి వెళ్లవద్దని, ఉన్న చోట వ్యాపిస్తే భయపడి పారిపోవద్దని దైవప్రవక్త (స) ఆదేశించగా తాము విన్నామని చెప్పినారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగినారు.

ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. ప్రయాణాన్ని ఆపుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఆపుకున్నవారు ఉమర్ వంటివారు! రెండవది, మహమ్మారి కాలపు నిబంధన మనల్ని మాత్రమే కాపాడటానికి కాదు, మన వలన ఎదుటివారికి హాని కలగకుండా ఉండటానికి కూడా. జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్నవాటి వద్దకు తోలుకుపోవద్దని దైవప్రవక్త (స) బోధించినారు. మన పల్లెల్లో గొర్రెలు కాచేవారికి ఈ హదీసును విప్పి చెప్పనక్కరలేదు. మందలో ఒక జీవానికి జబ్బు తగిలితే దానిని వేరుగా కట్టివేస్తారు. దానిపై కోపంతో కాదు, మంద మీద ప్రేమతో.

హజ్ ప్రయాణానికి ఆరోగ్య నిబంధనలు నిన్న మొన్న పుట్టినవి కూడా కావు. 1865లో హజ్ కాలంలో కలరా వ్యాపించి దూరదేశాలకు పాకినది. మరుసటి సంవత్సరం ఇస్తాంబుల్‌లో పలు దేశాలవారు సమావేశమై యాత్రికుల ఓడలపై నియమాల గురించి చర్చించినారు. 1880ల నుండి ఎర్రసముద్రంలోని కమరాన్ ద్వీపంలో మన దేశపు యాత్రికులు క్వారంటైన్‌లో రోజులు గడిపి గాని జిద్దా చేరేవారు కాదు. 1897లో బొంబాయిలో ప్లేగు ప్రబలినందున అక్కడి నుండి హజ్ ఓడలనే నిలిపివేసినారు. ఆనాడు బళ్లారి జిల్లాలో ఉన్న మన ఆదోని మీదుగానే బొంబాయికి రైలు పోయేది. హజ్ కోసం మూట కట్టుకుని ఆ రైలు కోసం ఎదురుచూసిన మన పూర్వీకులకూ దారి మూసుకున్న సంవత్సరం ఒకటి ఉన్నదని మరువవద్దు. ఇక మెనింజైటిస్ టీకా లేనిదే హజ్ వీసా లేదన్న నియమం మనలో హాజీలైన వారందరికీ తెలిసినదే.

సోదరులారా! ఇప్పుడు ఎంపిక కానివారి గురించి ఒక మాట. 2022 రమజానులో ఒకనాడు అస్ర్ నమాజు తరువాత ఎమ్మిగనూరుకు చెందిన ఒక పెద్దాయన తన కుమారునితో మా వద్దకు వచ్చినారు. మగ్గం మీద బ్రతికిన మనిషి. ఇరవై సంవత్సరాలు కొంచెం కొంచెం కూడబెట్టి 2020లో హజ్‌కు ఎంపికైనారు. ప్రయాణం ఆగినది, సొమ్ము తిరిగి వచ్చినది. 2022లో దారి తెరుచుకున్నది, కానీ ఆధార్ కార్డులో ఆయన పుట్టిన తేదీ 1957 జనవరి 1. ఆరు నెలల తేడాతో అరవై ఐదు దాటిపోయినది.

కుమారుడు ఇలా అన్నాడు: "హజ్రత్, ఆ తేదీ ఎవరో అంచనాగా రాసినదే. అబ్బా పుట్టినప్పుడు కాగితం ఎక్కడిది? 1958 అని మార్పించుకుంటే అది మాత్రం అబద్ధమని ఎవరనగలరు? ఆ ఒక్క అంకె కోసం అబ్బా కాబా చూడకుండా పోవాలా?"

నిజం చెప్పవలసి వస్తే, ఆ ప్రశ్న మమ్మల్ని ఒక క్షణం నిలబెట్టినది. మన పెద్దలలో ఎంతమందికి అసలైన పుట్టిన తేదీ ఉన్నది? బడిలో అయ్యవారు రాసినదే తేదీ. జనవరి 1, జూన్ 1, జూలై 1 అని కార్డులపై ఎన్ని వేల మంది పుట్టలేదు! తప్పుగా పడిన తేదీని సరైన ఆధారంతో సరిదిద్దుకోవడం ఏ విధంగానూ దోషం కాదని మేము చెప్పబోయినాము.

ఇంతలో ఆ పెద్దాయన నవ్వి ఇలా అన్నారు: "మౌలానా సాబ్, ఆధారం నా దగ్గర ఒకటి ఉన్నది. నేను చంకబిడ్డగా ఉన్నప్పుడు కర్నూలు రాజధాని అయినదని మా అమ్మీ చెప్పేది. ఆ కార్డు నన్ను ఇప్పటికే నాలుగేళ్లు చిన్నవాడిని చేసినది. ఇంకా చిన్నవాడినై అల్లాహ్ ఇంటి ముందు ఏ వయసుతో నిలబడేది? లబ్బైక్ అని పిలుపుకు బదులు పలికే నోటితోనే, ముందుగా అబద్ధం పలకనా?"

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినది 1953 అక్టోబరులో. ఆ లెక్కన అప్పటికి ఆయనకు దాదాపు అరవై తొమ్మిది. కుమారుడు తల వంచుకున్నాడు. మేము ఫత్వా చెప్పవలసిన అవసరం మిగలలేదు. తేదీని నిజం వైపు సరిదిద్దుకోవచ్చు, అవసరం వైపు కాదు. మేము చెప్పబోయిన మాటకు ఆ మగ్గం మనిషి మాకంటే ముందుగా హద్దు గీసినారు.

సోదరులారా! ఈ ఒక్క కొలతతో మిగిలినవన్నీ కొలవండి. టీకా వేయించుకోకుండానే వేయించుకున్నట్లు ధ్రువపత్రం సంపాదించడం, పరీక్ష చేయించుకోకుండానే నెగటివ్ అని కాగితం కొనుక్కోవడం, జ్వరాన్ని మాత్రతో అణచిపెట్టి విమానాశ్రయపు ద్వారం దాటడం: ఇవి తెలివితేటలు కావు, తప్పుడు సాక్ష్యాలు. దైవప్రవక్త (స) ఒకనాడు మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలినది. వాన పడినదని వర్తకుడు చెప్పగా, తడిసిన గింజలను జనం చూసేటట్లు పైన ఎందుకు పెట్టలేదని నిలదీసి, మోసగించేవాడు తమవాడు కాడని ప్రకటించినారు. ఆదోని మార్కెట్ యార్డు తెలిసిన మనకు ఈ తడి సంగతి చెప్పవలెనా? పత్తి బోరెంలో నీళ్లు చల్లి తూకం పెంచేవాడిని మనం ఏమంటాము? కాగితం మీద ఆరోగ్యం, ఒంట్లో వ్యాధి మోసుకుపోయేవాడు కూడా అదే పని చేస్తున్నాడు. అయితే ఇక్కడ పోయేది నాలుగు కిలోల లెక్క కాదు. పక్క సీటులోని వృద్ధురాలి ప్రాణం, అరఫాత్ మైదానంలో భుజం భుజం కలిపి నిలిచేవారి ప్రాణం.

మరొక సంగతి కూడా మరువకూడదు. 2020 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా మన రాష్ట్రంలో అత్యధికంగా కేసులు నమోదైన జిల్లాలలో ఒకటి. ఆ రోజులలో వ్యాధికి మన మతం పేరు పెట్టి వేలు చూపినవారు ఉన్నారు. కూరగాయల బండి తోసుకునే మన సోదరుడిని వీధిలోకి రానివ్వని ఊళ్లు ఉన్నాయి. ఆ నింద అన్యాయం. అదే సంవత్సరం ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం, తబ్లీగ్ జమాఅత్‌కు వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్లు కనిపిస్తున్నదని వ్యాఖ్యానించినది. అన్యాయపు నిందను న్యాయస్థానాలలో ఎదుర్కొనవచ్చు. కానీ మనలో ఒకడు నకిలీ కాగితంతో పట్టుబడితే, ఆ అన్యాయపు నిందకు మన చేతితోనే ఆధారం సమకూర్చినవారమవుతాము. మగ్గం మీద పడుగులో ఒక్క పోగు తెగితే ఆ లోపం చీర పొడవునా కనిపిస్తుందని నేతపని తెలిసినవారికి తెలుసు. జమాఅత్ అనేది ఒక పడుగు.

అయితే వెళ్లలేకపోయినవాని బాధకు ఓదార్పు లేదా? ఉన్నది. హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త (స) సుమారు 1400 మంది సహచరులతో ఉమ్రా కోసం బయలుదేరినారు. ఇహ్రాం ధరించి ఉన్నారు, బలి జంతువులు వెంట ఉన్నాయి, మక్కా కనుచూపు దూరానికి వచ్చినది. హుదైబియా వద్ద ఖురైషులు అడ్డుకున్నారు. ఆ సంవత్సరం తిరిగిపోవాలని, మరుసటి సంవత్సరం రావాలని ఒప్పందం కుదిరినది. సహచరుల గుండెలు బరువెక్కినాయి. లేవండి, ఖుర్బానీ ఇచ్చి తల గొరిగించుకోండి అని ఆదేశించినా వారు కదలలేకపోయినారు. అప్పుడు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహా మేరకు దైవప్రవక్త (స) స్వయంగా ముందుగా ఆ పని చేసినారు. అది చూసి అందరూ లేచినారు. కాబాను చూడకుండానే వెనుదిరిగిన ఆ ప్రయాణాన్నే అల్లాహ్ స్పష్టమైన విజయంగా పేర్కొన్నాడు. దారి అడ్డగించబడినవారు ఏమి చేయాలో సూరె అల్ బఖరలో విధి నిర్ణయించబడి ఉన్నది. దారి మూసుకుపోవడం మన ధర్మానికి తెలియని విషయం కాదు. అడ్డుకున్నది శత్రువైనా, వ్యాధి అయినా, మనిషి చేయవలసినది ఒప్పందానికి కట్టుబడి గౌరవంగా వెనుదిరగడమే.

స్తోమత గలవారిపైనే హజ్ విధి అని సూరె ఆలి ఇమ్రాన్ తెలుపుతున్నది. స్తోమత అంటే డబ్బు మాత్రమే కాదు, ఆరోగ్యం, దారి భద్రత కూడా అని ధర్మవేత్తలు వివరించినారు. తబూక్ యాత్రకు రావాలని ఉండి, రాలేని కారణం వలన మదీనాలో ఆగిపోయినవారు, సైన్యం దాటిన ప్రతి లోయలోనూ పుణ్యంలో భాగస్వాములేనని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చినారు. ఆ ఎమ్మిగనూరు పెద్దాయన ఇంట్లోనే ఉండిపోయినారు. ఆయన నియ్యత్ మాత్రం ఆగిపోలేదు.

ఇక, తాత్కాలిక నిబంధన వలన ఆగినవారు తొందరపడి ఇతరులను హజ్జె బదల్‌కు పంపవద్దు. 2022 నాటి వయస్సు పరిమితి వంటి నిబంధనలు తరువాత సడలవచ్చు. తీరని అశక్తతకూ తాత్కాలిక అడ్డంకికీ ధర్మంలో తేడా ఉన్నది. ఉలమాలను అడగండి. అయితే హజ్ విధి అయి ఉండి ఇంకా నెరవేర్చనివారు తమ వసీయత్ ఇప్పుడే రాసి ఉంచుకోవాలి. తాము వెళ్లకుండా మరణిస్తే తమ ఆస్తిలో మూడింట ఒక వంతుకు మించకుండా ఖర్చు చేసి తమ తరఫున హజ్ చేయించాలని అందులో రాయాలి.

నేను నా కొరకూ, మీ అందరి కొరకూ అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను. మీరు కూడా వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త పై శాంతి కలుగుగాక.

సోదరులారా! ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని మనకు నేర్పబడినది. కట్టవలసిన తాడు గురించి కొన్ని మాటలు.

హజ్‌కు ఎంపికైనవారు పాస్‌పోర్టులోని పేరు, టీకా ధ్రువపత్రంలోని పేరు అక్షరం అక్షరం సరిపోయినదీ లేనిదీ ఇప్పుడే చూసుకోండి. షేక్, సయ్యద్ అనే మాట ఒక కాగితంలో ముందు, మరొక దానిలో వెనుక ఉండటం మనవారికి తరచుగా వచ్చే చిక్కు. కోవిన్‌లో పాస్‌పోర్టు సంఖ్యను జతచేసుకునే వీలు 2021లో వచ్చినది. ఫోను వాడటం రాని పెద్దలకు మన యువకులు ఈ పని చేసిపెట్టాలి. ఇది కూడా హాజీలకు సేవయే. 2022లో దేశంలో పది విమానాశ్రయాల నుండే హజ్ విమానాలు ఉండేవి. మనకు దగ్గరగా ఉన్నవి హైదరాబాదు, బెంగుళూరు. 2022 నాటి పీసీఆర్ నియమంలో 72 గంటల లెక్క విమానం బయలుదేరే సమయం నుండి వెనక్కి వేసుకోవలసి ఉండేది. ఇంటి నుండి బయలుదేరే సమయం నుండి కాదు. మరీ ముందుగా చేయించిన పరీక్ష చెల్లేది కాదు, మరీ ఆలస్యమైతే ఫలితం అందేది కాదు. బీపీ, షుగరు మందులు వాడేవారు డాక్టరు చీటీతో సహా సరిపడా మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి.

పరీక్షలో వ్యాధి ఉన్నదని తేలితే? ఆ క్షణమే అసలైన పరీక్ష. ఇహ్రాం మడిచి పెట్టి ఇంట్లో ఉండండి. హుదైబియాను తలచుకోండి.

గల్ఫ్‌కు వెళ్లే యువకులారా! పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారికి ఆ దేశాలలో ఉద్యోగానికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లు ఉంటాయి. లైసెన్సు గల ఏజెంటు సేవారుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. క్లియరెన్సుతో వెళ్లేవారికి పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. విజిట్ వీసాపై పంపి, అక్కడికి చేరిన తరువాత పని చూపిస్తామనే మాట నమ్మవద్దు. ఆ దారిలో ఆ బీమా ఉండదు, చట్టం అండ ఉండదు. వీసా అంటే ఒక దేశంతో మనం చేసుకునే ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చండని విశ్వాసులకు ఖుర్‌ఆన్ ఆదేశం ఉన్నది. అదే విధంగా, మామూలు విజిట్ వీసాపై వెళ్లి హజ్ చేయాలని చూడవద్దు. ఒకరి స్థానాన్ని, ఒకరి గుడారాన్ని, ఒకరి నీటిని తీసుకుని చేసే ఆరాధనలో శుభం ఎక్కడిది?

మిగిలిన మనందరి బాధ్యత ఏమిటి? వెళ్లేవారిని అభినందించే ముందు, వెళ్లలేకపోయిన ఇంటికి ఒకసారి వెళ్లి కూర్చుందాము. హాజీలకు వీడ్కోలు చెప్పే రోజున ఆ పెద్దలను కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెడదాము. వెళ్లేవారు అరఫాత్‌లో వారి పేర్లు తలచి దుఆ చేయాలి.

అల్లాహ్! మా హాజీల ప్రయాణాన్ని సులభతరం చేయి, వారి హజ్‌ను స్వీకరించు. దారి మూసుకున్నవారికి దారి తెరువు. వారి ఆయుష్షులో బర్కత్ ప్రసాదించు. కోవిడ్ మహమ్మారిలో మరణించినవారిని కరుణించు, అనాథలైనవారికి నీవే అండగా ఉండు. పరాయి దేశాలలో శ్రమించే మా బిడ్డలను కాపాడు. మా మాటలోనూ, మా కాగితంలోనూ నిజాయితీని ప్రసాదించు. మా వలన ఏ ప్రాణికీ హాని కలగకుండా చూడు. ఆమీన్.